చెయ్యి మంచిది

పేకాటలో వరసగా రెండు రోజులు గెలిచినవాడికి మా ఇళ్ళల్లో ఒక బిరుదు ఇచ్చేస్తారు: "వాడి చెయ్యి మంచిదిరా." డాక్టరుకి హస్తవాసి ఉన్నట్టు ఇది కూడా పుట్టుకతో వచ్చిన గుణమని అందరి నమ్మకం. హాస్టల్ భాషలో అయితే "వాడు నేచురల్ మావా." అదే ఓడిపోయినవాడిని మాత్రం "వాడికి ఆట రాదు" అంటారు. అంటే గెలిస్తే పుట్టుక, ఓడితే నేర్చుకోకపోవడం. ఒకే చాప మీద కూర్చున్న నలుగురూ ఒకే పూటలో ఈ రెండు మాటలూ అనేస్తారు, ఎవరికీ తేడా అనిపించదు.

పేకాటలో గెలిచేవాడు పుడతాడా, తయారవుతాడా? పోకర్ ఆడేవాళ్ళు ప్రపంచమంతా వాదించుకునే ప్రశ్న ఇది. మన దగ్గర పోకర్ కంటే పదమూడు ముక్కల రమ్మీ ఎక్కువ కాబట్టి ఈ ప్రశ్న మన ఇంటికి రమ్మీ రూపంలో వచ్చింది. మా ఇంటికైతే ఒక అప్పు రూపంలో కూడా వచ్చింది. ఆ సంగతి చివర్లో చెప్తాను, ముందు ఆట గురించి.

ఈ విషయంలో సుప్రీంకోర్టు ఇచ్చిన పేరున్న తీర్పు మన ఆంధ్రప్రదేశ్ కేసులోదే. సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు మీద పోలీసులు దాడి చేశారు. ఆ కేసు పైదాకా వెళ్ళి, రాష్ట్ర ప్రభుత్వానికీ కె. సత్యనారాయణకీ మధ్య వ్యాజ్యంగా 1967లో తేలింది. మూడు ముక్కలాటలా రమ్మీ ఉత్త అదృష్టం కాదని కోర్టు చెప్పింది. పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారెయ్యాలో తెలియాలి, దానికి నైపుణ్యం కావాలి. పేక కలిపి పంచడంలో అదృష్టం ఉంది, కానీ అది బ్రిడ్జిలోనూ ఉంది కదా అన్నది కోర్టు మాట. ఆ తర్వాత చాలా ఏళ్ళు రమ్మీకి ఆ తీర్పే గొడుగు. 2020లో మన రాష్ట్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టం నైపుణ్యమా అదృష్టమా అన్న తేడాయే చూడకుండా, డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతా ఆపేసింది.

కోర్టు తేల్చింది ఆటలో నైపుణ్యం ఉందని. ఆడేవాడిలో ఉందో లేదో ఏ కోర్టూ తేల్చలేదు. అది ఎవరికి వాళ్ళు తేల్చుకోవాల్సిందే. అక్కడే చిక్కంతా.

నాకు రమ్మీ నేర్పింది మా మావయ్య. ఉక్కునగరంలో ఉంటాడు, స్టీల్ ప్లాంట్‌లో బ్లాస్ట్ ఫర్నేసు మనిషి. సంక్రాంతికి అందరం చేరితే రాత్రి భోజనాలయ్యాక రెండు కట్టలు తీస్తాడు. డబ్బు ఉండదు, ఓడినవాళ్ళు అందరికీ టీ పెట్టాలి. మావయ్య ఎక్కువగా టీ పెట్టడు. అలాగని అతని చెయ్యి మంచిదని ఎవరూ అనరు, ఎందుకంటే అతని గెలుపులు కంటికి కనబడవు. గట్టిగా షో కొట్టడం, ముక్క విసిరెయ్యడం లాంటివేవీ ఉండవు. మాటిమాటికీ డ్రాప్ అయిపోతూ ఉంటాడు.

మొదట్లో నాకది పిరికితనంలా కనిపించేది. లెక్క చూస్తే అర్థమవుతుంది. మేం ఆడే పద్ధతిలో మొదటి ముక్క ఎత్తకముందే వదిలేస్తే 20 పాయింట్లు. మధ్యలో వదిలేస్తే 40. ఆశతో చివరిదాకా ఉండి, ఒక్క ప్యూర్ సీక్వెన్స్ కూడా కలవకుండా దొరికిపోతే ఫుల్ కౌంట్, 80. అంటే చెత్త ముక్కలు వచ్చినప్పుడు నాలుగుసార్లు వదిలేస్తే ఎంతో, ఒక్కసారి మొండికేసి కూర్చుంటే అంత. "ఏట్రా అలగ పట్టుకుని కూర్చున్నావు? ముక్కలు నీ మాట వింటాయేటి? పారెయ్" అనేవాడు.

మిగతా చదువంతా లెక్కపెట్టడమే. ఇస్పేటు ఆరు, ఏడు చేతిలో ఉంటే అయిదు వచ్చినా పనికొస్తుంది, ఎనిమిది వచ్చినా పనికొస్తుంది. రెండు కట్టల్లో అవి నాలుగు ముక్కలు. అదే ఆరు, ఎనిమిది ఉంటే ఏడు ఒక్కటే దిక్కు, అంటే రెండే ముక్కలు. అందులో ఒకటి పక్కవాడు ఎత్తుకోవడం చూశావా, ఇక మిగిలింది ఒకటి. ఆ ఒక్కటీ పేకలో ఎక్కడుందో, ఎవడి చేతిలో ఉందో. ఇదంతా ఎవరైనా నేర్చుకోగలిగిందే. పోకర్‌లో కూడా ఇదే వరస. నాలుగు ఆటీన్లు కలిసి అయిదోదాని కోసం చూస్తున్నప్పుడు, కనబడని 47 ముక్కల్లో పనికొచ్చేవి 9. అంటే తర్వాతి ముక్కకి దాదాపు 19 శాతం. బల్ల మీద వంద ఉండగా ఎదుటివాడు యాభై పెడితే, మనం యాభై పెట్టి నూట యాభై కోసం ఆడుతున్నట్టు. అది గిట్టాలంటే 25 శాతం కావాలి. పంతొమ్మిదే ఉంది కాబట్టి, ఆ తర్వాత ఇంకేమీ రాబట్టలేం అనుకుంటే, వదిలెయ్యాలి. ఎనిమిదో తరగతి లెక్క.

మరి లెక్క ఇంత సులువైతే అందరూ ఎందుకు నేర్చుకోలేకపోతున్నారు? దీనికి జవాబు మావయ్య చేసే పనిలో దొరికింది నాకు.

మన ప్లాంట్‌లో బ్లాస్ట్ ఫర్నేసులకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. కరిగిన ఇనుము బయటికొచ్చేటప్పుడు దాదాపు 1500 డిగ్రీల వేడి. పాతవాళ్ళు ఆ ధార రంగు, ఎగిరే రవ్వలు చూసి వేడి ఎంతుందో అంచనా కట్టేస్తారు. కొత్తవాళ్ళకి అది మంత్రంలా ఉంటుంది, "అనుభవం కాదు, ఆయనకి వరం" అంటారు. కానీ అంచనా కట్టిన కాసేపటికే థర్మోకపుల్ ముంచి కొలుస్తారు. తప్పైతే అక్కడే తెలిసిపోతుంది. రోజుకి కొన్నిసార్లు, పాతికేళ్ళు. ఆ కన్ను అలా తయారైంది. పోర్టులో పైలట్ పనీ అంతే. డాల్ఫిన్స్ నోస్ పక్కనుంచి ఇన్నర్ హార్బర్‌లోకి ఆ ఇరుకు కాలువలో అంత ఓడని తెస్తున్నప్పుడు, చుక్కాని తిప్పమంటే ఓడ ఎలా తిరిగిందో ఆయనకి కళ్ళముందే కనిపిస్తుంది. ఓడ అబద్ధం చెప్పదు. ఇనుము అబద్ధం చెప్పదు.

పేక చెప్తుంది. తప్పు ముక్క పారేసినవాడికి తర్వాతి ఎత్తులోనే జోకరు రావచ్చు. సరిగ్గా ఆడినవాడికి ఫుల్ కౌంట్ పడొచ్చు. రాబిన్ హోగార్త్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అనుభవం నేర్పే చోట్లని రెండు రకాలుగా విడదీశాడు. నా మాటల్లో చెప్పాలంటే ఒకటి మంచి బడి, రెండోది మాయదారి బడి. మొదటిదాంట్లో జవాబు వెంటనే, నిజాయితీగా వస్తుంది. రెండోదాంట్లో తప్పు జవాబుకి కూడా మార్కులు పడుతుంటాయి. ఫర్నేసు మొదటి రకం, పేకాట రెండో రకం. అందుకే పేకాటలో ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్నవాడు ముప్పై ఏళ్ళుగా అవే తప్పులు చేస్తూ ఉండొచ్చు.

ఎంత మాయదారిదో మన ప్రాబబిలిటీ క్లాసు లెక్కతోనే చూడొచ్చు. ఒకడు నిజంగా మంచి ఆటగాడు, సమానమైన పందెంతో ప్రతి ఆటా గెలిచే అవకాశం 52 శాతం అనుకుందాం. ఇంకొకడు నిజంగా తక్కువవాడు, 48 శాతం. చెరో వంద ఆటలు ఆడించండి. మంచి ఆటగాడు నష్టంలో ఉండే అవకాశం దాదాపు 31 శాతం. తక్కువవాడు లాభంలో ఉండే అవకాశం కూడా సరిగ్గా అంతే. అంటే తక్కువ ఆటగాళ్ళని వందమందిని కూర్చోబెడితే, వంద ఆటల తర్వాత వాళ్ళలో దాదాపు 31 మంది "నా చెయ్యి మంచిది" అంటూ లేస్తారు. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు, జేబులో డబ్బు కనిపిస్తోంది మరి. ఆ మంచి ఆటగాడు నష్టపోయే అవకాశం 2 శాతానికి దిగాలంటే రెండున్నర వేల ఆటలు కావాలి. మనలో ఎవరికి అంత ఓపిక ఉంది? వంద ఆటలు చాలు, బిరుదు ఇచ్చేస్తాం.

కంప్యూటర్లకి కూడా ఈ బాధ తప్పలేదు. అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్ళు పోకర్ ఆడే ప్రోగ్రామ్ ఒకటి తయారుచేసి, 2015లో నలుగురు ప్రొఫెషనల్ ఆటగాళ్ళ మీదికి వదిలారు. దాని పేరు క్లాడికో. 80 వేల చేతులు ఆడాక మనుషులే ముందున్నారు. అయినా ఆ తేడా గణాంకాల ప్రకారం ఎటూ తేల్చడానికి చాలదన్నారు పరిశోధకులు. 80 వేల చేతులు! 2017లో లిబ్రాటస్ అనే కొత్త ప్రోగ్రామ్‌తో వచ్చి, ఇరవై రోజుల పాటు లక్షా ఇరవై వేల చేతులు ఆడించారు. ఈసారి అది అనుమానం లేకుండా గెలిచింది. దానికి మనుషుల ఆటలేవీ చూపించలేదు. రూల్స్ మాత్రం ఇచ్చారు, తనతో తనే లెక్కలేనన్నిసార్లు ఆడుకుని నేర్చుకుంది. ఎదుటివాడి మొహం చూసి మనసు చదివెయ్యడానికి దానికి కళ్ళే లేవు. పగలు ఆడిన ఆటలో తన లోపాలెక్కడ బయటపడ్డాయో రాత్రి కూర్చుని సరిచేసుకునేది.

మనిషి సంగతి చూస్తే మరియా కొన్నికోవా ఉంది. సైకాలజీలో డాక్టరేట్ చేసిన రచయిత్రి, పోకర్ అసలు తెలియదు. ఎరిక్ సైడెల్ అనే పేరున్న ఆటగాడి దగ్గర శిష్యరికం చేసి, 2018లో బహమాస్‌లో ఒక టోర్నమెంట్ గెలిచింది. 2020లో ఆ కథంతా పుస్తకం రాసింది. గురువుగారు చెప్పినదేమిటంటే, ఎంత గెలిచావో ఎలా ఓడావో నాకు వద్దు, ఆ క్షణంలో ఏం ఆలోచించి ఆ పని చేశావో అది చెప్పు అని. మాయదారి బడిలో చదువుకోవాలంటే దారి అదొక్కటే. ఫలితాన్ని పక్కనపెట్టి, నిర్ణయాన్ని దిద్దించుకోవడం. మా మావయ్యకి సైడెల్ ఎవరో తెలియదు గానీ ఆట అయ్యాక అతను అడిగేదీ అదే: "ఆ ఎనిమిది ఎందుకు పారేశావురా?"

మరైతే పుట్టుక అనేది ఏమీ లేదా? ఉంది. "పది వేల గంటలు చేస్తే ఎవరైనా ఏదైనా అవుతారు" అన్న మాట మన ఓరియెంటేషన్ క్లాసుల్లో వినే ఉంటారు. 2014లో మక్నమారా, మరికొందరు పాత పరిశోధనలన్నీ కలిపి చూస్తే, ఆటల్లో మనిషికీ మనిషికీ మధ్య కనిపించే తేడాలో సాధన వివరించగలిగింది 26 శాతం. సంగీతంలో 21, క్రీడల్లో 18. తక్కువేం కాదు, కానీ మొత్తం అదే కాదు. చదరంగంలో మాస్టర్ స్థాయికి ఒకరు 3,016 గంటల్లో చేరితే ఇంకొకరికి 23,608 గంటలు పట్టిందని గోబే, కాంపిటెల్లి 2007లో రాశారు. మన కోనేరు హంపి 2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయింది. తండ్రి అశోక్ గారే కోచ్. ఆమెది పుట్టుకా, ఆయన నేర్పిన చదువా అని విడదీసి తూకం వెయ్యడం ఎవరి వల్లా కాదు. కానీ ఒకటి గమనించండి: చదరంగంలో పేక కలపడం లేదు. తప్పు ఎత్తు వేస్తే ఎదుటి అమ్మాయి శిక్ష వేస్తుంది. అందువల్ల అక్కడ ప్రతిభ ఉందో లేదో చిన్నప్పుడే, తక్కువ ఖర్చుతో తెలిసిపోతుంది. పేకాటలో ప్రతిభ ఉన్నా అది అదృష్టపు పొగలో కనబడదు. లేనివాడికి కూడా ఉన్నట్టే కనిపిస్తుంది.

ఇక అప్పు సంగతి. మా పెదనాన్న కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేస్తాడు. సంక్రాంతి ఆటల్లో చిన్నప్పట్నుంచీ "వాడి చెయ్యి మంచిది" అనిపించుకున్నది అన్నయ్యే. అక్కడికెళ్ళాక ఫోన్‌లో ఇద్దరాడే రమ్మీ మొదలుపెట్టాడు. ఎంట్రీ ఫీజు ఇద్దరిదీ సమానం, గెలిచినవాడికి మొత్తం, కంపెనీ కమీషన్ పోను. మొదట్లో బాగా గెలిచాడు. పెద్దమ్మకి పట్టుచీర కూడా పంపాడు. తర్వాత రెండేళ్ళలో బండి అమ్మేశాడు, పర్సనల్ లోన్ తీశాడు. ఓడినకొద్దీ ఎంట్రీ పెంచుకుంటూ పోయాడు. 2025 ఆగస్టులో ఆ ఆటలు మూతపడ్డాయి. దసరాకి ఇంటికొచ్చినప్పుడు తన ఆటల చిట్టా అంతా నాకు మెయిల్ చేశాడు. "నువ్వు లెక్కలు చదువుతున్నావు కదా తమ్ముడూ, చూసి చెప్పు. నాకు ఆట వచ్చా, రాదా? డబ్బు ఎలాగూ పోయింది. అది మాత్రం తెలుసుకోవాలి."

చూశాను. మొత్తం 650 ఆటలు, గెలిచినవి 340. మొదటి వందలో 58 గెలిచాడు. పట్టుచీర ఆ వందలోదే. ఉత్తినే రూపాయి బిళ్ళ వంద సార్లు ఎగరేసినా పదిహేను మందిలో ఒకరికి 58 గానీ అంతకంటే ఎక్కువగానీ బొమ్మలు పడతాయి. ఆ తర్వాతి 550 ఆటల్లో 282, అంటే సగం మీద కొంచెం. మొత్తం మీద 52 శాతం పైన. ఇది కూడా బొమ్మా బొరుసుల్లో ఎనిమిది మందిలో ఒకరికి వచ్చే ఫలితమే. కాబట్టి అన్నయ్యకి ఆట వచ్చనీ చెప్పలేం, రాదనీ చెప్పలేం. రెండేళ్ళు, ఒక బండి, ఒక లోన్ ఖర్చుపెట్టి కూడా ఆ ప్రశ్నకి జవాబు రాలేదు.

కానీ ఇంకో ప్రశ్నకి జవాబు చిట్టా అక్కర్లేకుండానే వస్తుంది. చెరో వంద పెడితే రెండు వందలు. అందులో కంపెనీ 10 శాతం తీసుకుంటే గెలిచినవాడికి చేతికొచ్చేది 180, అంటే లాభం 80. ఓడితే నష్టం 100. తొమ్మిది ఆటల్లో అయిదు గెలిచి నాలుగు ఓడితే నాలుగు వందలు వచ్చి నాలుగు వందలు పోతాయి, లెక్క సున్నా. అంటే కనీసం నష్టపోకుండా ఉండాలన్నా 55.6 శాతం గెలవాలి. 52 శాతం గెలిచే మంచి ఆటగాడు ప్రతి వంద ఆటలకి 640 రూపాయలు కోల్పోతాడు, అదీ వంద రూపాయల ఎంట్రీకి. ఎంట్రీ అయిదు వేలైతే నష్టానికి ఎన్ని సున్నాలు చేరతాయో వేసుకోండి. సంక్రాంతి గుండాటలో బల్ల పెట్టినవాడు నష్టపోవడం ఎవరమైనా చూశామా? రమ్మీలో నైపుణ్యం ఉన్నమాట నిజం, కోర్టు చెప్పింది. ఆ నైపుణ్యం ఎదుటివాడిని దాటితే సరిపోదు, బల్ల పెట్టినవాడి వాటాని కూడా దాటాలి. ఎదుటివాడూ "చెయ్యి మంచిది" అనిపించుకునే అక్కడికి వచ్చాడు మరి.

ఇదంతా ఒక కాగితం మీద రాసి డాబా మీద అన్నయ్యకి చూపించాను. చాలాసేపు చూశాడు. "అయితే సగం కంటే ఎక్కువే గెలిచానన్నమాట" అన్నాడు.

"గెలిచావు అన్నయ్యా. తొమ్మిదికి అయిదు రావాలి. నీకు రాలేదు."

"ఇంకొంచెం నేర్చుకుని ఉంటే?"

వచ్చేదేమో. మావయ్యలాగా చెత్త చెయ్యి వచ్చినప్పుడు ఇరవైతో లేచిపోవడం నేర్చుకుని ఉంటే, ప్రతి ఆట తర్వాత ఆ ఎనిమిది ఎందుకు పారేశానని రాసుకుని ఉంటే, ఎంట్రీ పెంచకుండా వేల ఆటలు ఓపిక పట్టి ఉంటే, వచ్చేదేమో. అలా చేసేవాళ్ళు నూటికి ఎందరో నాకు తెలియదు గానీ, మొదటి వంద ఆటల్లో 58 గెలిచినవాడికి అలా చెయ్యాలని ఎందుకు తోస్తుంది? నేర్చుకోవాల్సిన అవసరం ఉందని అతనికి ఎవరు చెప్పారు? మేమందరం చెప్పింది వేరే కదా, చెయ్యి మంచిదని.

ఈ మాటలేవీ పైకి అనలేదు. కింద నుంచి పెద్దమ్మ భోజనానికి పిలుస్తోంది. అన్నయ్య కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని, "అయిదో తారీఖున ఈఎంఐ ఉందిరా, ఒకసారి గుర్తుచెయ్యి" అంటూ మెట్లు దిగాడు.